పేరు లేకుండా వచ్చే కణం: సింధుకి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సింధుకి,

పెద్దమ్మ ఆశీస్సులు.

స్పేస్ స్టేషన్ మీద బిగించిన విశ్వకిరణాల డిటెక్టర్ ఏఎంఎస్ డేటా మీద పీహెచ్‌డీ చేయడానికి నీకు అవకాశం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ రాత్రి సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో విశ్వకిరణాల గొడవ, అంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాల వెంట పడడం, నాతోనే ఆగిపోతుందనుకున్నాను.

మర్నాడు నువ్వు "వెళ్లేలోపు ఏం చదవమంటావు పెద్దమ్మా?" అని మెసేజ్ పెట్టావు. చదవాల్సినవి మీ గైడ్ చెబుతారు, నాకంటే బాగా చెబుతారు. నేను చెప్పగలిగేది పని గురించి. పైకి వెళ్లిపోయి మళ్లీ చేతికందని డిటెక్టర్‌తో కిందనుంచి ఎలా పనిచేయాలన్నది. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది కాబట్టి రాస్తున్నాను. తీరిక చేసుకుని చదువు.

మొదటి మాట. ఆకాశం నుంచి వచ్చే కణం తన పేరు చెప్పుకుంటూ రాదు. ఈ స్ట్రిప్ మీద ఇంత ఛార్జి పడింది, ఆ ట్యూబులో ఇంత వెలుగు కనిపించింది, పై పలక నుంచి కింది పలకకి ఇన్ని నానోసెకన్లు పట్టింది: డిటెక్టర్ నీకు చెప్పేది ఇంతే. అది ప్రోటానా, పాజిట్రానా, కార్బన్ కేంద్రకమా అని పేరు పెట్టేది నువ్వు. అక్కడ నువ్వు పెట్టిన పేరే పేపర్‌లోకి వెళుతుంది, ఆ పేపర్ చదివి ఎవరో ఒక సిద్ధాంతం కడతారు. అందుకే పేరు పెట్టే ముందు కణాన్ని కాదు, డిటెక్టర్‌ని అనుమానించు. నేను ముప్పై ఏళ్లలో నేర్చుకున్నదంతా ఈ ఒక్క అలవాటు చుట్టూనే ఉంది.

ఏఎంఎస్‌లో ఏయే భాగాలున్నాయో నీకు తెలుసు. పైన ట్రాన్సిషన్ రేడియేషన్ డిటెక్టర్, టైమ్ ఆఫ్ ఫ్లైట్ పలకలు, అయస్కాంతం, కణం దారిని చూపే 9 పొరల సిలికాన్ ట్రాకర్, రింగ్ ఇమేజింగ్ డిటెక్టర్, అడుగున శక్తిని కొలిచే కెలోరీమీటర్. బొమ్మ చూసి అర్థమైపోయిందనుకోకు. ఒక్కో దానితో కొన్నాళ్లు కాపురం చెయ్యి. ఆ భాగం ఎప్పుడు నిజం చెబుతుంది, ఎప్పుడు తడబడుతుంది, వేడెక్కితే ఏమవుతుంది, పాతబడితే ఏమవుతుంది అని దాన్ని కట్టినవాళ్లనే వెళ్లి అడుగు. వాళ్లలో చాలామంది పెద్దవాళ్లు. అడిగేవాళ్లుంటే గంటలు గంటలు చెబుతారు. పేపర్లలో రాయనివి చాలా వాళ్ల దగ్గరే ఉంటాయి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఒక చిన్న లెక్క చూడు. పాజిట్రాన్, అంటే ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్ జంట, ఒకటి వచ్చేలోపు సుమారు 10,000 ప్రోటాన్లు వస్తాయి. రెండింటికీ ఆవేశం ఒకటే, అయస్కాంతంలో రెండూ ఒకే వైపు వంగుతాయి. నీ పద్ధతి 10,000 ప్రోటాన్లలో ఒక్కదాన్ని పొరపాటున పాజిట్రాన్ అనుకుందనుకో. 10,000కి ఒక తప్పు అంటే ఎవరైనా మెచ్చుకుంటారు. కానీ నీ బుట్టలోని పాజిట్రాన్లలో సగం ప్రోటాన్లే అవుతాయి! పది లక్షలకి ఒక తప్పు దగ్గరికి తెచ్చినప్పుడు గానీ ఆ కల్తీ ఒక శాతానికి దిగదు. ట్రాన్సిషన్ రేడియేషన్ డిటెక్టర్, కెలోరీమీటర్ రెండూ కలిస్తేనే ఆ స్థాయి వస్తుంది. ఏ ఒక్కదాన్నీ ఒంటరిగా నమ్మకూడదని ఏఎంఎస్ కట్టినవాళ్లు మొదటే అనుకున్నారు. ఒకదాని సాక్ష్యాన్ని ఇంకొకదానితో సరిచూసుకోవచ్చు.

పై శక్తుల దగ్గర ఇంకో చిక్కుంది. 1,000 జీఈవీ (గిగా ఎలక్ట్రాన్‌వోల్టులు, శక్తి కొలత) ఎలక్ట్రాన్ ఆ అయస్కాంతం గుండా పోతే దాని దారి తలవెంట్రుక మందమంత కూడా వంగదు. ఎడమకి వంగిందా కుడికి వంగిందా అన్న ఒక్క విషయం మీదే అది ఎలక్ట్రానా పాజిట్రానా అన్నది తేలాలి. ట్రాకర్ కొలత పది మైక్రాన్ల మేర సరిగ్గా ఉంటుంది. మరి పొరే జరిగితే? ఎండ తగిలి బయటి పొరలు జరుగుతూనే ఉంటాయి. అందుకే ఆ పొరలు ఎక్కడున్నాయో రెండేసి నిమిషాల డేటా ముక్కలు తీసుకుని, వచ్చే విశ్వకిరణాలతోనే సరిచూస్తారు. కొలవాల్సిన కణాలతోనే కొలబద్దని సరిచేసుకోవడం! నాకు ఏఎంఎస్ మొత్తంలో చాలా నచ్చిన పని అది. ఆ అలైన్‌మెంట్ కోడ్ నీకు అప్పగించకపోయినా ఒకసారి కూర్చుని చదువు.

వేడి గురించి నేనెందుకు ఇంత పట్టుబడతానో చెబుతాను. నా పీహెచ్‌డీ రోజుల్లో మేము బెలూన్‌లో పంపిన సింటిలేటర్ (కణం తగిలితే వెలిగే పలక) డేటాలో నాకు ఫాస్ఫరస్ కేంద్రకాలు బాగా ఎక్కువగా కనిపించాయి. సరిసంఖ్య ఆవేశం ఉన్న సిలికాన్ పక్కన బేసిసంఖ్య ఫాస్ఫరస్ చాలా తక్కువ ఉండాలి. నాకేమో గుట్టలా కనిపిస్తోంది. రెండు వారాలు అన్నం, నిద్ర లేకుండా దాని మీదే ఉన్నాను. సూపర్‌నోవా లోపల ఏదో కొత్తది జరుగుతోందని నోట్సు కూడా రాసుకున్నాను. మా సీనియర్ ఒకావిడ నోట్సంతా ఓపికగా చదివి ఒకటే అడిగింది: "ఇవి ఏ గంటలో వచ్చాయి?" గంటల వారీగా ప్లాట్ గీస్తే ఆ గుట్ట మొత్తం తెల్లవారుజామున, పెట్టె బాగా చల్లబడిన వేళదే. చలికి, ఆ వెలుగుని కొలిచే ఫోటోమల్టిప్లయర్ ట్యూబు గెయిన్, అంటే సంకేతాన్ని పెంచి చూపే మోతాదు, పెరిగింది. వెలుగు ఆవేశం వర్గాన్ని బట్టి వస్తుంది కదా, సిలికాన్‌కి 196, ఫాస్ఫరస్‌కి 225. గెయిన్ పదిహేను శాతం పెరిగితే సిలికాన్ వెళ్లి ఫాస్ఫరస్ కుర్చీలో కూర్చుంటుంది. తప్పు నాదే. ఉష్ణోగ్రత రికార్డు నా దగ్గరే ఉంది, తెరిచి చూడలేదు.

అప్పటి నుంచి ఏ కొత్త డేటా వచ్చినా నేను మొదట గీసేది కాలం ప్లాటే. ఫిజిక్స్ ప్లాట్ ఆ తర్వాతే. నువ్వూ అలాగే చెయ్యి. నీ కొలత ఏదైనా సరే, దాన్ని రోజుతో, కక్ష్యలో స్టేషన్ ఉన్న చోటుతో, ఉష్ణోగ్రతతో, సూర్యుడి కోణంతో పక్కపక్కన పెట్టి చూడు. బెలూన్ కష్టం ఒక్క రాత్రిది. ఏఎంఎస్ సుమారు తొంభై నిమిషాలకోసారి ఎండలోకీ నీడలోకీ వెళ్లొస్తుంది. స్టేషన్ ఎటు తిరగాలన్నది దాని చేతిలో లేదు, రేడియేటర్ల మీద ఎండ ఎప్పుడెలా పడుతుందో వారాల తరబడి మారుతూ ఉంటుంది. ఉష్ణోగ్రతల్లాంటి ఈ రికార్డుల్ని హౌస్‌కీపింగ్ డేటా అని ఒక మూలన పడేసేవాళ్లుంటారు. నువ్వు మాత్రం దాన్ని నీ సొంత డేటాలాగే చూసుకో.

ఇప్పుడు అయస్కాంతం కథ. ఇది నీకు తెలిసి ఉండొచ్చు, అయినా చెబుతాను, ఎందుకంటే పరికరం కట్టే వయసు నీకూ వస్తుంది. ఏఎంఎస్‌ని ముందు సూపర్‌కండక్టింగ్ అయస్కాంతంతో కట్టారు. దాన్ని ద్రవ హీలియంతో చల్లబరచాలి, హీలియం కొన్నేళ్లలో అయిపోతుంది. ఈలోపు స్పేస్ స్టేషన్ ఆయుష్షు పెరిగింది. 2010లో, ప్రయోగానికి ఏడాది ముందు, ఏఎంఎస్ నాయకుడు శామ్యూల్ టింగ్ బృందం ఆ బలమైన అయస్కాంతాన్ని పక్కన పెట్టి, 1998లో డిస్కవరీ షటిల్ మీద ఏఎంఎస్-01తో ఎగిరిన పాత శాశ్వత అయస్కాంతాన్ని మళ్లీ బిగించింది. దాని బలం సుమారు 0.15 టెస్లా, సూపర్‌కండక్టింగ్ దానితో పోలిస్తే చాలా తక్కువ. తగ్గిన బలానికి బదులు ట్రాకర్ పొరల్ని దూరంగా జరిపి, కొలిచే పొడవుని సుమారు 3 మీటర్లకి పెంచారు. 2011 మే 16న ఏఎంఎస్ ఎండెవర్ షటిల్ మీద వెళ్లింది, 19న స్టేషన్‌కి అమర్చారు. హీలియం అయస్కాంతమే ఉండి ఉంటే ఎప్పుడో చల్లారిపోయేది. ఏఎంఎస్ ఇన్నేళ్లు పనిచేసి 20,000 కోట్ల పైగా కణాల్ని నమోదు చేసిందంటే ఆ నిర్ణయం వల్లే. అప్పట్లో మా బోటివాళ్లం చాలామంది ఇది వెనకడుగని అనుకున్నాం. నేనూ అనుకున్నాను, తప్పుగా అనుకున్నాను. విశ్వకిరణాల పనిలో ఏటేటా కొలుస్తూ పోయేదే చివరికి ఎక్కువ చెబుతుంది. ఎందుకో లెక్క చూడు: 100 జీఈవీ దగ్గర చదరపు మీటరుకి సెకనుకి ఒక కణం వస్తుంది. కొన్ని పెటా ఎలక్ట్రాన్‌వోల్టుల (ఒక్కో పెటా అంటే పది లక్షల గిగా) దగ్గర అదే చదరపు మీటరుకి ఏడాదికి ఒకటి. అంత అరుదైన వాటి కోసం డిటెక్టర్ ఎన్నేళ్లు బతుకుతుందన్నదే ముందు చూడాలి.

అలా ఏళ్లు పనిచేసే క్రమంలోనే ట్రాకర్‌ని చల్లబరిచే కార్బన్ డయాక్సైడ్ పంపులు ఒక్కొక్కటే మొరాయించాయి. ఆ వ్యవస్థని ఆకాశంలో విప్పడం కోసం కట్టలేదు. అయినా 2019 నవంబరు నుంచి 2020 జనవరి దాకా వ్యోమగాములు లూకా పార్మిటానో, ఆండ్రూ మోర్గన్ నాలుగుసార్లు బయటికి వెళ్లి, ఉక్కు గొట్టాల్ని కోసి, కొత్త పంపుల పెట్టెకి కలిపారు. దానికోసం ప్రత్యేకంగా పనిముట్లు తయారుచేశారు. చివరి రోజు ఒక గొట్టం దగ్గర లీకు కనిపిస్తే మళ్లీ బిగించారు. నేను ఇక్కడ ఇంట్లో కూర్చుని ఆ ప్రసారం చూస్తూ టెన్షన్‌తో చీర చెంగు నలిపేశాను. ఆ గ్లవ్స్ వేసుకుని మనిషి చేసిన పని వల్ల ఇవాళ నీ హార్డ్ డిస్క్‌లోకి డేటా వస్తోంది. ఒక ఈవెంట్‌ని (నమోదైన కణాన్ని) కట్‌లో, అంటే వడపోత షరతులో, తీసి పారేసేటప్పుడు అది గుర్తుంచుకో.

భూమి గురించి ఒక మాట. కొత్తగా వచ్చేవాళ్లు నక్షత్రాల వైపు చూస్తూ భూమిని మర్చిపోతారు. భూ అయస్కాంతం వచ్చే కణాలకి గోడ కడుతుంది. ఆ గోడ మన దక్షిణ భారతం మీద ప్రపంచంలోకెల్లా ఎత్తు, సుమారు 17 జీవీ. అంతకన్నా రిజిడిటీ (అయస్కాంతానికి వంగకుండా నిలిచే సత్తా, జీవీల్లో కొలుస్తారు) తక్కువున్న ప్రోటాన్ అంతరిక్షం నుంచి నిలువుగా ఇక్కడికి దిగలేదు. హైదరాబాద్‌లో టాటా పరిశోధనా సంస్థ టీఐఎఫ్‌ఆర్ బెలూన్ కేంద్రం నుంచి ఎక్స్-రే ఖగోళ పరికరాలు పంపడానికి ఈ గోడ ఒక వరం, విశ్వకిరణాల గోల తక్కువ కాబట్టి. విశ్వకిరణాల్నే పట్టుకోవాలనుకునేవాళ్లకి మాత్రం అది అడ్డు. స్పేస్ స్టేషన్ కక్ష్య 51.6 డిగ్రీల దాకా వెళుతుంది, అక్కడ గోడ బాగా తగ్గిపోతుంది. కాబట్టి ఒకే డిటెక్టర్ ఒకే రోజులో గోడ ఇవతలా అవతలా రెండు లోకాలు చూస్తుంది. హైదరాబాద్ మీదుగా పోతున్నప్పుడు 5 జీవీ ప్రోటాన్ కనిపించిందనుకో, అది నక్షత్రాల నుంచి రాలేదు. కింద మన గాలిలోనే పుట్టి పైకెగిరిన కణం. దాన్ని ఖగోళం ఖాతాలో వేస్తే తక్కువ శక్తుల దగ్గర నీ లెక్కంతా చెడిపోతుంది. కటాఫ్ (ఆ గోడ ఎత్తు) మీద కొంచెం ఎడం వదిలి మొదలుపెట్టు, గీత మీదే నిలబడకు.

దక్షిణ అట్లాంటిక్ మీద ఇంకో రకం తంటా. అక్కడ రేడియేషన్ బెల్ట్ కిందికి దిగుతుంది, ట్రిగర్ రేటు (సెకనుకి నమోదయ్యే సంకేతాల లెక్క) ఒక్కసారిగా లేస్తుంది. అందరూ ఆ నిమిషాల్ని తీసేస్తారు, తీసేయాలి కూడా. కానీ ఒక విషయం. పమేలా అనే ఉపగ్రహ డిటెక్టర్ బృందం సరిగ్గా ఆ చోటే జాగ్రత్తగా వెతికి, భూమి చుట్టూ చిక్కుకుని తిరిగే యాంటీప్రోటాన్లు (రుణావేశమున్న ప్రోటాన్ జంటలు) ఉన్నాయని 2011లో చూపించింది. నువ్వు తీసేసిన దాన్ని కూడా పేరు రాసి దాచిపెట్టు.

కణం ఎప్పుడొచ్చిందో, ఎక్కడున్నప్పుడు వచ్చిందో తెలియకపోతే దాని పేరు సగమే తెలుసు. ఇది మనవాళ్లు చాలా ముందే పట్టుకున్న సంగతి. 1985 ఏప్రిల్‌లో ఛాలెంజర్ మీద వెళ్లిన స్పేస్‌ల్యాబ్-3లో టీఐఎఫ్‌ఆర్ వాళ్ల 'అనురాధ' ఉంది. సుకుమార్ బిశ్వాస్ గారి నాయకత్వం. అందులో ఎలక్ట్రానిక్ ట్రాకర్ ఏమీ లేదు, సీఆర్-39 ప్లాస్టిక్ పలకలు. అయాన్ దూసుకుపోయిన చోట ప్లాస్టిక్ దెబ్బతింటుంది, కిందికి తెచ్చి క్షారంలో నానబెడితే ఆ దారి గుంటలా పైకి తేలుతుంది, మైక్రోస్కోపులో వెతకాలి. ప్లాస్టిక్‌కి గడియారం ఉండదు కదా? అందుకని ఒక కట్ట కదలకుండా ఉంటే, ఇంకో కట్టని మెల్లగా తిప్పారు. రెండు కట్టల్లో గీతలు ఎంత తప్పాయో చూస్తే కణం వచ్చిన వేళ తెలుస్తుంది. వేళ తెలిస్తే షటిల్ ఎక్కడుందో తెలుస్తుంది. ఎక్కడుందో తెలిస్తే అక్కడి అయస్కాంత గోడ ఎంతో తెలుస్తుంది, ఆ గోడ దాటి రాగలిగిందంటే ఆ అయాన్ ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకుందో అంచనా వేయొచ్చు. సింధూ, ఇది చదివిన మొదటిసారి నాకు ఒళ్లు పులకరించింది. భూమినే స్పెక్ట్రోమీటర్‌గా వాడుకున్నారు! మీ గ్రూపులో ఎవరైనా భారతదేశంలో ఈ పని ఏముందని అడిగితే అనురాధ కథ చెప్పు. తర్వాత 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 సౌరగాలి కణాల్ని కొలుస్తోందనీ చెప్పు.

ఇక గుబ్బల గురించి. స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ శక్తి దగ్గర ఎన్ని కణాలో చూపే గీతలో, ఒకచోట నాలుగు బిందువులు పైకి లేస్తే గుండె ఆగినంత పనవుతుంది. అంటార్కిటికా మీద ఎగిరిన ఏటిక్ అనే బెలూన్ ప్రయోగం, కొన్ని వందల జీఈవీ దగ్గర ఎలక్ట్రాన్లలో గుబ్బ కనిపించిందని 2008లో చెప్పింది. కంటికి కనిపించని కృష్ణపదార్థమే కారణమని సిద్ధాంతాలు వెల్లువెత్తాయి. మరుసటి ఏడాది ఫెర్మీ ఉపగ్రహం ఎంతో ఎక్కువ ఎలక్ట్రాన్లతో చూస్తే అంత గుబ్బ లేదు. 2017లో చైనా ఉపగ్రహం డాంపేకి 1.4 టీఈవీ (1,400 జీఈవీ) దగ్గర ఒక్క బిందువు లేచింది, వారాల్లోనే పేపర్లు గుట్టలు పడ్డాయి. స్టేషన్ మీదే ఉన్న జపాన్ డిటెక్టర్ క్యాలెట్‌కి అది కనిపించలేదు. ఆ బృందాల్ని నేను తప్పుపట్టను, చూసింది చూసినట్టు చెప్పారు. ఆ బిందువుల మీద కథ అల్లినవాళ్ల తొందరే నాకు నచ్చదు. పై శక్తుల దగ్గర పాజిట్రాన్ల పెరుగుదల అలాంటిది కాదు. పమేలా 2009లో చూపించింది, ఫెర్మీ భూ అయస్కాంతాన్ని వాడుకుని సరిచూసింది, ఏఎంఎస్ 2013 నుంచి ఖాయం చేస్తూ వచ్చింది. సుమారు 280 జీఈవీ దాటాక అవి పడిపోతున్నాయని 2019లో చెప్పింది. కాబట్టి పెరుగుదల నిజం. కారణం కృష్ణపదార్థమా, పల్సార్లనే గిరగిర తిరిగే మృతనక్షత్రాలా అన్నది ఇంకా తెగలేదు. ఎవరైనా నీతో "తెగిపోయింది" అంటే, ఏ డేటాతో తెగిందో మర్యాదగా అడుగు. నీ పేరుతో వచ్చే పేపర్‌లో కొలిచినదీ ఊహించినదీ వేరువేరు పేరాల్లో ఉండాలి. ఈ విషయంలో మాత్రం ఎవరెంత ఒత్తిడి పెట్టినా ఒప్పుకోకు.

ఏఎంఎస్‌లో ఒకే ఫలితాన్ని రెండు బృందాలు విడివిడిగా తీస్తాయి. అవతలి బృందం అంకె నీ అంకెకి సరిపోకపోతే చిన్నబుచ్చుకోకు. ఆ తేడా ఎక్కడుందో వెతికే నెలల్లో నువ్వు నేర్చుకునేది ఏ కోర్సులోనూ దొరకదు. సిమ్యులేషన్ మీద మరీ భరోసా వద్దు, 2010లో సెర్న్‌లో 400 జీఈవీ ప్రోటాన్ల బీమ్‌లో పెట్టి తీసిన టెస్ట్ డేటాతో దాన్ని నువ్వే ఒకసారి సరిచూడు. లాగ్‌బుక్ చేత్తో రాయి, తేదీ వెయ్యి. ఏ కట్ ఎందుకు పెట్టావో ఆ రోజే రాయకపోతే ఆరు నెలలకి నీకే గుర్తుండదు.

కంట్రోల్ రూమ్ షిఫ్టులు రాత్రింబవళ్లు ఉంటాయి. కొందరు వాటిని వెట్టిచాకిరీ అనుకుంటారు. నువ్వు అడిగి మరీ వెయ్యించుకో. లింకు తెగి మళ్లీ కలిసే నిమిషాలు, ఒక ఉష్ణోగ్రత మెల్లగా హద్దు వైపు పాకడం, ఇవన్నీ కళ్లతో చూసినవాళ్లకి డేటాలోని మచ్చ ఎక్కడి నుంచి వచ్చిందో ఇట్టే తడుతుంది. రాత్రి షిఫ్టుకి ఇంటి నుంచి తిండి తీసుకెళ్లు. కాఫీలతో పొట్ట నింపుకోకు.

ఓపిక సన్నగిల్లినప్పుడు ఏస్ ఉపగ్రహాన్ని తలుచుకో. 1997లో వెళ్లింది. అందులోని ఒక డిటెక్టర్ 17 ఏళ్ల డేటాలో ఇనుము-60 అనే రేడియోధార్మిక కేంద్రకాలు పట్టింది 15. పదిహేనే! దాని అర్ధాయుష్షు సుమారు 26 లక్షల ఏళ్లు కాబట్టి, అది పుట్టిన సూపర్‌నోవా మరీ పాతదీ మరీ దూరందీ కాదని 2016లో తేల్చారు. ఆ పదిహేనింటి పక్కన లక్షల మామూలు ఇనుము కేంద్రకాలున్నాయి. ఒక్కటి పేరు మారినా లెక్క మారిపోయేది. వాళ్లు ఒక్కో దాన్ని ఎలా వడకట్టారో ఆ పేపర్ పట్టుకుని పంక్తి పంక్తీ చదువు. నువ్వు ఏం చదవాలని అడిగావు కదా, నా దగ్గరి నుంచి ఆ ఒక్కటే.

చేరిన మొదటి మూడు నెలల్లో నిన్ను ఎవరూ ఫలితం అడగరు. ఆ మూడు నెలలూ ట్రాకర్ ఉష్ణోగ్రతల్ని సూర్యుడి కోణంతో కలిపి గీసి, నీకు ఏం కనిపించిందో బయటివాళ్లకి చెప్పగలిగే విషయాలైతే నాకు రాయి. కళ్లద్దాలు మార్చుకున్నాను, చిన్న అక్షరాలు కూడా బాగానే కనిపిస్తున్నాయి. స్టేషన్ సాయంత్రం పూట హైదరాబాద్ మీదుగా పోయే రోజులు చూసుకుని నేను డాబా ఎక్కుతాను. ఆ వేళకి నీ షిఫ్టు పడితే ముందుగా ఒక మెసేజ్ పెట్టు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ